మరవిల్లు

విల్లు ఎక్కుపెట్టటం మన పురాణాలలో ఒక పరీక్ష. జనకుని కొలువులో శివధనుస్సును కదల్పలేక రాజులెందరో తలలు వంచుకొని వెడలిపోయినారు. ద్రుపదుని స్వయంవరంలోనూ మత్స్యయంత్రాన్ని కొట్టటం తరువాతి మాట. ముందు ఆ వింటికి నారి సంధించగలవాడెవ్వడన్నదే ప్రశ్న. విల్లు ఎంత బిగువైనదైతే దాన్ని వంచే భుజం అంత బలమైనది కావలె. లోకంలో ఏ దేశపు విలుకాడైనా వేలయేండ్లు ఈ కట్టుబాటుకు లోబడినవాడే.

ఈ కట్టుబాటును రెండు పళ్లచక్రాలు, ఒక ఇనుపకమ్మి, ఒక త్రిప్పుడుపిడి కలిసి తలక్రిందులు చేసిన కథ ఐరోపాలో, అందునా ముఖ్యంగా జర్మను దేశాలలో జరిగినది. ఇంగ్లీషువారు క్రాస్‌బో అనే ఆయుధమిది. కొయ్యదండెకు ఒక కొసన విల్లును అడ్డంగా బిగిస్తే క్రాస్‌బో అవుతుంది. మరతుపాకి, మరఫిరంగి అన్న తీరున దీన్ని మనం మరవిల్లు అనుకొందాం. జర్మనులు ఆర్మ్‌బ్రుస్ట్ అంటారు. ఆ మాటను విడదీస్తే వారి భాషలో చేయి, రొమ్ము అన్న అర్థాలు వస్తవి. కాని అది చెవికింపు కొరకు తరువాత దిద్దుకొన్న రూపం. అసలు మాట లాటిను భాషలోని ఆర్కుబలిస్టా, అనగా వింటితో విసరే యంత్రం. పేరులోనే యంత్రం దాగి ఉన్నది.

యుద్ధాలలో దీని ప్రతాపం పెద్ద కథ. రెండు మాటలలో దాటిపోతాను. 1139లో రోమునగరపు లేటరన్ మహాసభలో క్రైస్తవులు క్రైస్తవులమీద ఈ ఆయుధాన్ని ప్రయోగించరాదని చర్చి శాసించినది. ఆ శాసనాన్ని పాటించినవారు తక్కువ. 1199లో ఇంగ్లండు రాజు సింహహృదయ రిచర్డు ఫ్రాన్సులో ఒక చిన్న కోటను ముట్టడిస్తూ మరవింటి బాణపు గాయంతోనే మరణించినాడు. గుర్రమెక్కి కవచం తొడిగిన రాజును, నెల తిరగని శిక్షణతో ఒక సామాన్యుడు గోడచాటునుంచి కూల్చగలుగుతాడు. దొరలకు ఈ ఆయుధం మీద కోపం రావటంలో ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యమేమంటే, తుపాకులు వచ్చి యుద్ధభూమిలో మరవింటికి పని తగ్గిన తరువాత ఆ దొరలే దాన్ని తమ మేడలకు తీసుకొనిపోయి, దంతపుపనితో అలంకరించి, వేటకు వాడుకొన్నారు. ఈ ప్రసంగం ఆ వేటవింటిని గురించి.

దాని అంగాలు చూద్దాం. పాతకాలపు మరవిండ్లన్నీ కొయ్యతో చేసినవి కావు. కొమ్మును బద్దలుగా కోసి, వాటిని జిగురుతో అతికి, పైన జంతువుల నరాలను పొరలు పొరలుగా పరచి, ఆరబెట్టి చేస్తారు. ఇది మనకు పరాయి విద్య అనుకోనక్కరలేదు. విష్ణువు ధరించే విల్లు శార్ఙ్గం. శృంగంతో, అనగా కొమ్ముతో చేసినది గనుకనే దానికి ఆ పేరు. జిగురుకు తేమ శత్రువు. అందుకని జర్మను పనివారు కొమ్మువింటి మీద భూర్జపత్రం చుట్టి, దానిమీద రంగులు వేసేవారు. కాశ్మీరంలో మన పండితులు గ్రంథాలు వ్రాసుకొన్న చెట్టుపట్ట వంటిదే జర్మనీలో వింటికి గొడుగైనది. 15వ శతాబ్దంలో ఉక్కువిల్లు వచ్చినది. ఉక్కుకు వాన భయం అంతగా లేదు గాని గడ్డకట్టే చలిలో ఫెళ్లున విరిగే ప్రమాదమున్నది. మంచుకొండలలో వేటాడేవారు కొమ్మువింటిని చాలాకాలం వదలకపోవటానికి ఇదొక కారణం. మన దేశంలో కథ మరొక తీరు. వానకాలపు తేమకు కొమ్మువిండ్లు చెడుతూ ఉంటే ఉత్తరాది ఆయుధాగారాలలో ఉక్కువిండ్లు చేయించి, వాటిమీద బంగారుతీగ పొదిగించినారు.

దండెమీద, నారి వచ్చి ఆగవలసిన చోట, దుప్పికొమ్ముతో చేసిన గుండ్రని బిళ్ల ఉంటుంది. దానికి పైన ఒక గాడి, క్రింద ఒక గాడి. పైగాడిలో నారి చిక్కుకొంటుంది; క్రిందిగాడిలో మీట కొస తన్ని పట్టి బిళ్లను తిరగనీయదు. మీట నొక్కితే బిళ్ల గిర్రున తిరిగి నారిని వదిలివేస్తుంది. ఇంత చిన్న కొమ్ముముక్క అంత గొప్ప బిగువును ఆపుతున్నదంటే దాని కొలతలో వెంట్రుకవాసి తేడా ఉండరాదన్నమాట.

ఇక వింటిని వంచే యంత్రం. చెవితో వినే ప్రసంగంలో బొమ్మ చూపటానికి వీలులేదు గనుక మాటలతోనే దాన్ని విప్పి చూపవలె. లారీ చక్రం మార్చేటప్పుడు బండి క్రింద పెట్టి పిడి త్రిప్పే జాకీని మీరు చూచే ఉంటారు. కొన్ని జాకీలలో నిలువుగా పళ్లకమ్మి ఒకటి ఉంటుంది. పిడి త్రిప్పిన కొద్దీ ఆ కమ్మి పంటి తరువాత పన్నుగా పైకి లేస్తుంది. ఆ జాకీని అడ్డంగా పడవేస్తే జర్మను మరవింటి త్రిప్పుడుయంత్రం అవుతుంది. పోలిక నా కల్పన కాదు. జర్మను భాషలో బండ్లనెత్తే జాకీకీ, వింటిని వంచే ఈ సాధనానికీ విండె అన్న మాట ఒక్కటే. ఫ్రెంచి, ఇంగ్లీషు గ్రంథాలలో క్రేన్‌క్విన్ అని కనబడేది ఇదే.

చిన్న రొట్టెడంత గుండ్రని ఇనుపపెట్టె ఒకటి. లోపల పెద్ద పళ్లచక్రం, దానితో కలిసి తిరిగే చిన్న పళ్లచక్రం ఉంటవి. చిన్నచక్రపు పళ్లు పొడుగాటి పళ్లకమ్మిని కొరికి పట్టుకొంటవి. బయట పిడి త్రిప్పితే మరొక చిన్నచక్రం పెద్దచక్రాన్ని త్రిప్పుతుంది. పెట్టెకు క్రింద గట్టి జనపతాటి ఉచ్చు. వేటగాడు ఈ ఉచ్చును దండె వెనుకకొసనుండి తొడిగి, ముందుకు జరిపి, దండెకు ఇరువైపులా పొడుచుకొని వచ్చిన ఇనుపమేకులకు తన్నిపెడతాడు. కమ్మి కొసనున్న రెండు కొక్కేలను నారికి తగిలిస్తాడు. పిడి త్రిప్పుతాడు. కమ్మి వెనుకకు నడుస్తుంది, నారి దానితో వస్తుంది, విల్లు వంగుతుంది. నారి కొమ్ముబిళ్లలో పడగానే పిడిని కొంచెం వెనుకకు త్రిప్పి, కొక్కేలు విడిపించి, యంత్రాన్ని ఊడదీసి నడుముపట్టెకు తగిలించుకొంటాడు. ఆపైన కురచ బాణాన్ని గాడిలో పెడతాడు.

బావిమీద పిడితో త్రిప్పే ఇరుసు చేసే మేలు ఇదే. చేయి చాలా దూరం తిరుగుతుంది, బరువు కొంచెమే కదులుతుంది. ఆ తేడా అంతా బలంగా మారుతుంది. ఎనభై అడుగుల లోతునుంచి నీరు తోడుకొన్న కర్నూలు, కడప సీమల రైతుకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కరలేదు. సర్ రాల్ఫ్ పేన్ గాల్వే అనే ఇంగ్లీషు వేటగాడు పాత మరవిండ్లను బాగుచేసి ప్రయోగాలు జరిపి 1903లో ఒక పెద్ద గ్రంథం అచ్చువేసినాడు. ఆయన పరీక్షించిన ఒక యుద్ధపు ఉక్కువింటిని పూర్తిగా లాగటానికి 1200 పౌనుల బలం కావలసివచ్చినది. దాని బాణం 400 గజాలకు మించి పోయినది. అర్జునుడైనా వట్టిచేతితో ఆ నారిని కదిలించగలడో లేడో. పిడి దొరికితే పదునాలుగేండ్ల కుర్రవాడు వంచుతాడు.

ఇందుకు చెల్లించే మూల్యం కాలం. ఒక్కమారు ఎక్కుపెట్టటానికి అరనిమిషం పట్టినా ఎక్కువ కాదు. ఆపాటికి చేతివింటివాడు నాలుగైదు బాణాలు వదలగలడు. యుద్ధంలో అది ప్రాణాంతకమైన లోపం. వేటలో లోపం కాదు. ఎక్కుపెట్టిన విల్లు ఎంతసేపైనా చేతికి శ్రమ ఇవ్వక సిద్ధంగా ఉంటుంది; మృగం వచ్చిందాకా పొదమాటున కదలక కాచుకోవచ్చును. ఆనాటి తుపాకికి కాలుతున్న వత్తి ఉండవలె, దాని వాసన, పొగ, ఆపైన చెవులు గింగురుమనే మ్రోత. మరవిల్లు టక్కుమంటుంది, అంతే. పక్కనున్న దుప్పి తలయెత్తి చూస్తుంది, పారిపోదు. మృగాన్నిబట్టి బాణపు ములికి మారేది. పక్షుల ఈకలు చెడకుండా కొట్టటానికి మొద్దుములుకులు ఉండేవి. చిన్నపిట్టల కొరకు రెండు నారుల నడుమ మట్టి ఉండ పెట్టి కొట్టే మరవిండ్లు కూడా చేసినారు. అది చేలమీద పిట్టలను తోలే మన ఉండవింటికి పెద్దయింటి చుట్టం.

అలంకారం సంగతి. న్యూయార్కు మెట్రొపాలిటన్ మ్యూజియంలో 1460 సంవత్సరపు తేది చెక్కిన మరవిల్లు ఒకటి ఉన్నది. వ్యూర్టెంబెర్గు ప్రభువు ఐదవ ఉల్రిక్‌ది అది. దండెనిండా దుప్పికొమ్ము పలకలు తాపి, వాటిమీద ప్రభువు వంశచిహ్నం, ఆయన భార్య సవోయ్ మార్గరెట్టు పుట్టింటి చిహ్నం చెక్కినారు. తరువాతి శతాబ్దంలో ఈ పని మరింత ముదిరినది. దండెమీద కుక్కలు దుప్పిని తరుముతుంటవి, ఎలుగు నిలబడి తిరగబడుతుంది, పొన్నపూలతీగలు అల్లుకొంటవి. అన్నీ ఎముకమీద గీసి, గీతలలో నల్లరంగు నింపినవి. త్రిప్పుడుయంత్రపు ఇనుపపెట్టెను కూడా వదలక, ఆమ్లంతో తినిపించి లతలు దించినారు. వింటి కొసలకు రంగురంగుల ఉన్నికుచ్చులు. విల్లు చేసేవాడొకడు, యంత్రం చేసే కమ్మరి ఒకడు, కొమ్ముపని ఒకడిది. ఇట్టి ఆయుధం వెల ఎంతైనా దాన్ని భరించేవాడు వేరే ఉన్నాడు. నాకు మాత్రం ఈ పనితనంలో అన్నిటికంటె ముచ్చటైనది ఆ ఇనుపపెట్టెయే. పొలంలో పడి మట్టి పూసుకోవలసిన జాకీకి పట్టుచీర కట్టినట్లున్నది.

ఈ విల్లు ఎవరి చేతిలో ఉన్నదన్నది తెలియవలెనంటే వియన్నా నగరంలోని చిత్రశాలకు పోవలె. లూకస్ క్రానాఖ్ 1529లో వ్రాసిన దుప్పివేట చిత్రం అక్కడ ఉన్నది. నది మలుపు, దుప్పుల మందను కుక్కలు, మనుషులు తరుముకొని వచ్చి నీటిలోకి దింపినారు. ఒడ్డున పొదలమాటున సాక్సనీ ప్రభువు ఫ్రెడరిక్, చక్రవర్తి మాక్సిమిలియన్ మరవిండ్లు పట్టి నిలబడినారు. ఈదలేక ఈదుతున్న మృగాన్ని కొట్టటానికి ఎంత గురి కావలెనో చెప్పలేను. చిత్రం పూర్తి అయ్యేనాటికి ఆ ఇద్దరూ బ్రతికి లేరు. చక్రవర్తి 1519లోనూ, ఫ్రెడరిక్ 1525లోనూ గతించినారు. గడిచిన వైభవానికి అది ఒక జ్ఞాపకచిత్రం.

మందను తరుముకొని రావటం దొరల పని కాదు. వేటనాడు అడవిని చుట్టి కేకలువేయటం రైతుకు వెట్టి. ఫ్రెడరిక్ మరణించిన 1525లోనే జర్మను రైతులు తిరగబడినారు. మెమ్మింగెన్ అనే పట్టణంలో వారు పండ్రెండు కోరికలు వ్రాసి అచ్చువేయించినారు. అందులో నాలుగవది వేటను గురించినదే. అడవిమృగాన్ని, పక్షిని, పారేనీటిలో చేపను పట్టుకొనే హక్కు బీదవానికి లేకపోవటం అన్యాయమన్నారు. ప్రభువులు వేట కొరకు పెంచుకొన్న మృగాలు తమ పైరు తిని పోతుంటే నోరెత్తక చూడవలసివస్తున్నదని మొరపెట్టుకొన్నారు. అడవిపందులు వేరుసెనగ చేనును దున్నిపోయిన మరునాడు నల్లమల అంచు పల్లెలో రైతు నోట వినవచ్చే మాట ఇదే. ఆ తిరుగుబాటును ప్రభువులు రక్తపాతంతో అణచివేసినారు. వేట దొరలకే దక్కినది. మరవింటిమీద దంతపుపని మరొక నూరేండ్లు సాగినది.

ఆ సంవత్సరాలలో కర్నూలు, కడప సీమలు విజయనగర సామ్రాజ్యంలో భాగాలు. క్రానాఖ్ చిత్రం వ్రాసిన 1529లోనే కృష్ణదేవరాయలు కాలం చేసినాడు. రాయలకాలంలో హంపీకి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, మహానవమి సేనాప్రదర్శనలో విలుకాండ్ర చేతులలో బంగారు తాపిన విండ్లు చూచినానని వ్రాసినాడు. అలంకరించిన విల్లు మనకూ లేకపోలేదన్నమాట. అయితే దాన్ని వంచిన బలం భుజానిదే. రాయల ఆస్థానకవిగా ప్రసిద్ధుడైన ధూర్జటి తన శ్రీకాళహస్తిమాహాత్మ్యంలో నాయకునిగా నిలిపిన వేటగాడు తిన్నడు. ఆ తిన్నని ఊరు పొత్తపినాటిలోనిది. పొత్తపి పాత కడపజిల్లాలోని గ్రామం. జర్మను చిత్రకారుడు వేటవింటిని చక్రవర్తి చేతిలో చూచిన కాలంలో తెలుగుకవి దాన్ని ఒక బోయపిల్లవాని చేతిలో చూచినాడు. తిన్నడు తాను కొట్టిన మాంసాన్ని తాను రుచిచూచి శివునికి పెట్టినాడు. ఆ వేటలో ఆట లేదు, ఆకలి ఉన్నది.

ఈ సీమలో ఆ ఆకలి ఎంత పాతదో చెప్పటానికి బనగానపల్లె ప్రాంతపు జ్వాలాపురం చాలును. అక్కడి కొండనీడ గుహలో త్రవ్వకాలు జరిపినవారు 35,000 ఏండ్ల వెనుకటినుంచీ వాడిన చిన్నచిన్న రాతిపలుకులను కనుగొన్నారు. గోరంతైనా లేని ఆ పలుకులలో కొన్ని బాణపు మొనలై ఉండవచ్చునని కొందరి ఊహ.

క్రానాఖ్ చిత్రమున్న వియన్నాలోనే 1909లో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ జన్మించినాడు. మానవశాస్త్రవేత్త. 1938లో ఆస్ట్రియాను హిట్లరు జర్మనీలో కలుపుకొనటంతో ఆయన చేతికి జర్మను పాస్‌పోర్టు వచ్చినది. మరుసటి యేడు యుద్ధం మొదలైనప్పుడు ఆయన హైదరాబాదులో ఉన్నాడు. బ్రిటిషువారి లెక్కలో శత్రుదేశీయుడు గనుక హైదరాబాదు సంస్థానం దాటరాదన్నారు. ఆ నిర్బంధం మనకు మేలే చేసినది. 1940లో ఆయన కృష్ణకు ఉత్తరాన అమరాబాదు పీఠభూమిలో చెంచుల నడుమ ఉండి వారి జీవితాన్ని గమనించి వ్రాసిన గ్రంథం 1943లో వెలువడినది. నదికి ఈవల కర్నూలు నల్లమలలో ఉన్నదీ ఆ జాతియే.

చెంచువాని విల్లు నగలు లేనిది. వెదురు, కర్ర, నార అడవి ఇస్తుంది; చేసుకొనేది తానే. ఇనుపములికి కొరకు మాత్రం మైదానపు కమ్మరివద్దకు రావలె, తేనెయో మరొకటియో ఇచ్చి పుచ్చుకోవలె. ఎక్కుపెట్టే యంత్రం ఎడమచేయి, కుడిచేయి. అంతకు మించి బలం కావలసివస్తే ఇంకా దగ్గరకు ప్రాకవలె. మరవింటిదొర యంత్రంతో సంపాదించిన దూరాన్ని చెంచువాడు ఓర్పుతో, చప్పుడుకాని అడుగుతో, గాలివాటం తెలివితో సంపాదించుకొంటాడు. అయినప్పటికీ మాంసం దొరికే రోజులు తక్కువ అని హైమెండార్ఫ్ గమనించినాడు. చెంచుల కడుపు నింపేది ఎక్కువగా గడ్డలు, పండ్లు, ఇప్పపూలు. పారతో త్రవ్వి తెచ్చే ఆడవారి శ్రమ అందులో తక్కువది కాదు. అడవిని విల్లు ఖాళీచేసిందనే మాట అక్కడ నిలువదు. నల్లమలలో పులులను తడవకొకటిగా పడగొట్టినవి తుపాకులు, అవి పట్టినవారు దొరలు, వారి అతిథులు.

అయినా చట్టం వచ్చినప్పుడు విల్లునూ తుపాకినీ ఒకే త్రాసులో పెట్టినది. 1882 మద్రాసు అటవీచట్టంతో కర్నూలు వైపు అడవి సర్కారు రక్షణలోకి పోయినది. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టంతో వేట నిషిద్ధమైనది. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం అడవి పులుల రక్షణప్రాంతాలలో చేరినది. 2006లో అడవిలో నివసించేవారి హక్కులను గుర్తిస్తూ పార్లమెంటు చేసిన చట్టం తేనె, గడ్డలు, ఆకులు ఏరుకొనే హక్కు ఒప్పుకొన్నది. సంప్రదాయంగా వస్తున్న ఇతర హక్కులనూ ఒప్పుకొన్నది. వేటాడటం, ఉచ్చులు పన్నటం మాత్రం మినహాయింపు అని అక్షరాలా వ్రాసినది. పులి బ్రతకవలెనన్నదానికి ఎదురుచెప్పగలవారెవరూ లేరు. దుప్పి లేనిదే పులి లేదు. కాని మెమ్మింగెన్ రైతు కోరిన కోరికనూ, ఈ మినహాయింపునూ ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడు నాకు మనస్సు కుదుటపడదు. అక్కడ బీదవానికి వేట లేదన్నవాడు తాను వేటాడుకొన్నాడు. ఇక్కడ అందరికీ లేదన్నారు. నష్టపోయినది మాత్రం విల్లు ఒక్కటే ఉన్నవాడు.

చెంచువాడు నలుగురిలో విల్లెత్తి బాణం వదిలే రోజు ఏటా ఒకటి మిగిలి ఉన్నది. 2022లో కర్నూలునుంచి విడివడిన నంద్యాలజిల్లాలో అహోబిలం ఉన్నది. అక్కడి నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడినాడని, చెంచులకు ఆయన బావ అని ఈ సీమలో ఎరుగనివారు లేరు. సంక్రాంతి మరునాడు కనుమనాడు స్వామి పారువేటకు వెడలుతాడు. కొండ దిగిన పల్లకికి ఎదురుగా చెంచులు నిలబడి విల్లు వంచి బాణం సంధిస్తారు. బోయీలు పల్లకి ఎత్తుకొంటారు. అక్కడినుంచి నలభై దినాలకు పైగా స్వామి ఊరూరా తిరుగుతాడు. తన కల్యాణానికి రమ్మని పిలిచివస్తాడని ఊళ్లవారి నమ్మకం.